సత్తెమ్మక్క చెప్పని అబద్ధం

తడి కాటన్ గుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టగానే లేచే ఆవిరి వాసన తగిలితే చాలు, ఈ రోజుకీ నాకు సత్తెమ్మక్క మీద కోపం వస్తుంది. నకిరేకల్ బస్టాండు వెనక ఆమెది జాకెట్లు కుట్టే దుకాణం. పెళ్లయిన కొత్తలో నేను అక్కడే పని నేర్చుకున్నాను. కుట్టు వంకరపోతే తిట్టేది కాదు. ఆ జాకెట్టు నా ముందు పడేసి, "నువ్వైతే తొడుక్కుంటవా?" అనేది. సిగ్గుతో చచ్చి మళ్లీ విప్పి కుట్టేదాన్ని.

ఆమెకు ఒక్కతే బిడ్డ, సునీత. అల్లుడి ఉద్యోగం అమెరికాలో. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి గదా! కానీ సునీతకు కడుపు నిలవడమే కష్టమై, అక్కడి డాక్టర్లు విమానం ఎక్కొద్దన్నారు. ఫోనులో ఆమె ఏడుపు విని సత్తెమ్మక్క వీసాకు పెట్టుకుంది. అప్లికేషన్ పెట్టించిన ఏజెంటు గట్టిగా హెచ్చరించాడు. "కాన్పు చెయ్యనీకి అని మాత్రం అనకమ్మా. పనికి పోతున్నవనుకుంటరు. ఊర్లు చూసి వస్తనను."

ఇంటర్వ్యూలో తడబడకుండా రోజూ ఇస్త్రీ చేస్తూ నేనే వీసా ఆఫీసరునయ్యేదాన్ని. "ఎందుకు పోతున్నవమ్మా?" అంటే, "జర ఊర్లు చూసి వస్త" అని ఆమె అప్పజెప్పేది. చెప్పినప్పుడల్లా తల దించుకునేది.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ రోజు ఆమెను లోపలికి పంపి గేటు బయట ఎండలో నిలబడ్డాను. నవ్వుతూ వచ్చేవాళ్లను చూస్తే ఆశ, కళ్లు తుడుచుకుంటూ వచ్చేవాళ్లను చూస్తే భయం. చివరికి ఆమె వచ్చింది. మొహంలో ఏమీ కనిపించలేదు.

"ఏమైందక్కా?"

"వీసా ఇయ్యరంట."

"నువ్వేం చెప్పినవ్?"

"ఊర్లు చూడనీకి అందామనే పోయిన. నోరు రాలే. నా బిడ్డ మంచం పట్టి ఏడుస్తుంటే గా మాట ఎట్లనాలె? కాన్పు చెయ్యనీకి అన్న. ఎప్పుడొస్తవంటే, బిడ్డ లేచి తిరిగినంక అన్న."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒక్క మాట కడుపుల దాసుకోలేకపోయినవా?" అని నడిరోడ్డు మీదే అరిచాను. ఆమె బస్సులో కొంగు నోటికడ్డం పెట్టుకుని చౌటుప్పల్ దాకా ఏడ్చింది.

సునీతకు ఆడపిల్ల పుట్టింది. పసిపిల్లకు నీళ్లు పోయడం అక్కడ ఎవరికీ రాదు. ఓ సాయంత్రం దుకాణంలో ఉండగా అల్లుడు వీడియో కాల్ చేశాడు. పిల్లను ఎలా పట్టుకోవాలో అతనికి తెలియడం లేదు. అల్లుడి ముందు కుర్చీలో కూడా కూర్చోని మనిషి మా సత్తెమ్మక్క. అలాంటిది ఫోను నా చేతికిచ్చి, నేల మీద కూర్చుని, అతని వైపే రెండు కాళ్లూ చాపింది. లైనింగు గుడ్డను చుట్టగా చుట్టి కాళ్ల మీద పడుకోబెట్టుకుంది.

"గిట్ల సాపు బిడ్డా కాళ్లు. తలకాయ పాదాల దిక్కుండాలె. ముందు నీళ్లు నీ చెయ్యి మీద పోసి చూసుకో. భయపడకు, నేనున్న."

అక్కడ నీళ్ల చప్పుడు, పిల్ల ఏడుపు. ఇక్కడ ఆమె ఆ గుడ్డను రుద్దుతూనే ఉంది. కన్నీళ్లు చెంపల మీద కారుతున్నా తుడుచుకోలేదు.

మనవరాలిని చేత్తో ముట్టుకోకుండానే ఆమె గుండెపోటుతో పోయింది. ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేం పోయేదక్కా అని ఇప్పటికీ మనసులో ఆమెతో కొట్లాడుతుంటాను. ఇప్పుడు నాకూ సొంత దుకాణం ఉంది. "రేపటికి అయితదా?" అని అడుగుతారు. అయితదనని దర్జీ లోకంలో ఉంటాడా? నాకు మాత్రం నాలుక తిరగదు. "కాదమ్మా" అంటాను. గిరాకీ పక్క దుకాణానికి పోతుంది.