తడి కుండీలో దాహం: హనుమాన్ జంక్షన్ దాకా ఒక పూట

నేను ఏ బస్సెక్కినా ఉద్యోగం తప్పించుకోవడానికే అంటారు మా ఇంట్లో. ఈసారీ అంతే. విజయవాడలో మా మేడ మీద నూరువరహాలు, నందివర్ధనం కుండీల్లో పెంచి అపార్ట్‌మెంట్ల వాళ్లకు అమ్ముతున్నాను. ఈ వేసవిలో రోజూ నీళ్లు పోస్తున్నా మొక్కలన్నీ వాలిపోతున్నాయి. "ఎక్కువ పోసి కుళ్లబెడుతున్నావు" అని అమ్మ. "సోమవారం హైదరాబాద్ వెళ్లి ఆఫీసులో చేరు, అవి పోతే పోయాయి" అని నాన్న. షికారుకి కాదు, వాటిని బతికించే దారి ఉందో లేదో తేల్చుకోవడానికి వెళ్తున్నానంటే ఇద్దరూ నవ్వారు.

శనివారం పొద్దున ఆరున్నరకు బస్టాండులో ఏలూరు బస్సెక్కాను. ఛార్జీ వందలోపే. వాడిన నూరువరహాల కుండీ ఒకటి ఒళ్లో పెట్టుకున్నాను. బయల్దేరే ముందే దానికి చెంబుడు నీళ్లు పోశాను. "దానికీ టికెట్టు కొట్టమంటావా అమ్మా?" అన్నాడు కండక్టరు. గన్నవరం దాటాక పక్కసీటు పెద్దావిడ నన్ను మోచేత్తో పొడిచింది. "నీ చెట్టు నా చీరంతా తడిపేసింది అమ్మాయ్. పోసిన నీళ్లు పోసినట్టే వదిలేస్తంది." సారీ చెప్పి కుండీ పైకెత్తాను. చేతికి బరువే తెలియలేదు. అన్ని నీళ్లు పోశాక కుండీ ఇంత తేలిగ్గా ఎందుకుంది? అక్కణ్నుంచి ఇక కిటికీలోంచి ఏం చూశానో గుర్తు లేదు.

హనుమాన్ జంక్షన్‌కి గంట పైనే పట్టింది. అక్కడ నూజివీడు రోడ్డులో షేర్ ఆటో ఎక్కితే నేను మొక్కలు తెచ్చుకునే నర్సరీ ముందే దింపుతారు. ఎండ ముదరక ముందే చేరుకోవడం మంచిది. యజమాని సలీం గారు ఆకు చూడగానే తేల్చేశారు.

"వేరు కుళ్లిందండీ. నాలుగు రోజులు నీళ్లాపేయండి."

"ఆపితే చచ్చిపోతే?"

"కొత్తది ఇస్తాను లెండి. నా దగ్గరే కొనాలిగా."

నాకు నవ్వు రాలేదు. అన్ని కుండీలకూ నీళ్లాపాక ఆయన మాట తప్పని తేలితే నాకేమీ మిగలదు. కుండీ వంచి మొక్కను బయటికి లాగాను. "వేళ్ల చుట్టూ మట్టిముద్ద చెదిరితే నన్ననకండి" అన్నారాయన. మొక్క అమ్మేటప్పుడు ప్రతి నర్సరీలోనూ చెప్పే మాటే అది. కొన్నప్పుడు ఆ మాట వినే, వాళ్లిచ్చిన ఎర్రమట్టి ముద్దను కదపకుండా కుండీలో దించి చుట్టూ కొబ్బరిపొట్టు నింపాను. ఇప్పుడు పొట్టు తడిగా చేతికంటింది. ముద్దలోకి మాత్రం వేలు దిగలేదు. గోటితో గీరితే పొడి రాలింది. పోసిన నీళ్లన్నీ పొట్టులోంచి జారి కింది చిల్లులోంచి పోతున్నాయి. వేళ్లున్న చోటికి చుక్క చేరడం లేదు.

"ఇటుకైపోయిందండీ," అన్నారు సలీం గారు. "నాటేముందు ముద్ద నానబెట్టాలి."

"అది చెప్పలేదుగా."

"మీరు అడగలేదుగా."

మొక్కను తొట్టిలో ముంచాం. చాలాసేపు బుడగలొచ్చాయి. నీడలో ఉంచి మధ్యాహ్నం దాకా కాపలా కాశాను. లేత ఆకులు కాస్త లేచాయి. కింది ఆకులు ముట్టుకోగానే రాలాయి. నాన్నకు ఫోన్ చేసి, కుండీలన్నీ నీడలోకి జరపమన్నాను, వచ్చి నానబెడతానన్నాను. "ముందు సోమవారం సంగతి చెప్పవే" అన్నాడు. సాయంత్రం చెబుతానని పెట్టేశాను.

దాహంతో వాలిన ఆకూ, నీళ్లెక్కువై వాలిన ఆకూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. అమ్మ, సలీం గారు, నేను, అందరం పైనుంచి చూసే మాట్లాడాం. తిరుగు బస్సులో నన్ను తినేసింది ఒకటే: మేడ మీదివి ఎన్నాళ్లుగా ఇలా ఎండుతున్నాయో, ఎన్నిటికి ఆలస్యమైపోయిందో.

మీరు మొక్కల కోసం ఇటొస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. నీళ్లు పోయకముందు ఓసారి, పోసి కారిపోయాక ఓసారి కుండీ ఎత్తి చూడండి. బరువు పెరగకపోతే కుండీని నీళ్ల తొట్టిలో దించి, బుడగలు ఆగేదాకా ఉంచండి.

ఇంటికి రాగానే నాన్నకు చెప్పాను. సగం మొక్కలు పోవచ్చు. నేను హైదరాబాద్ వెళ్లడం లేదు.