అమ్మమ్మ కోసిన కొండలు

మా అమ్మమ్మ సముద్రం అడుగున ఉన్న కొండల్ని రంపంతో నిలువునా కోసింది. ఒకటీ రెండూ కాదు, పదకొండు. ఇది విని నవ్వేవాళ్లు ఆమె దండచేతులు చూడలేదన్నమాట.

కొండ మొత్తాన్ని కాదనుకోండి. సముద్ర పరిశోధన ఓడవాళ్లు కొండ నెత్తిన పొడవాటి గొట్టం గుచ్చి పైకి లాగుతారు. గొట్టం నిండా బురద, బురదలో పగడాల ముక్కలు. అలాగే కోస్తే రంపం పళ్లకు ముక్కలు తగిలి అంతా చెదిరిపోతుందని ముందు గడ్డకట్టిస్తారు. ఆ తర్వాత అమ్మమ్మ పని. వాళ్ల ఆఫీసు చలిగదిలో స్వెటరు మీద స్వెటరు వేసుకుని ఇరవై ఎనిమిదేళ్లపాటు గొట్టాలను రెండుగా చీల్చింది. ఒక సగం పరీక్షలకు, ఇంకో సగం ఎవరూ ముట్టకుండా అరలోకి. ఆ గది తలుపు అర నిమిషం తెరిచి ఉంచినవాళ్లు ఆమె నోటికి జడిసి పారిపోవాల్సిందే.

పగడాలతో పని అనగానే పక్కింటావిడ ఉంగరానికి ఒకటి తెచ్చిపెట్టమంది.

"ఎముకల్లా ఉంటాయమ్మా, పెట్టుకుంటావా?" అంది అమ్మమ్మ. ఆవిడ మళ్లీ అడగలేదు.

కొండ పుట్టుక నాకు ఆమే చెప్పింది. బళ్లో చెప్పినవేవీ నా బుర్రకెక్కలేదు గానీ, ఇది ఎక్కింది. ఎండ చొరని చలినీళ్లలో ఒక పగడపు పిల్ల వచ్చి ఏ రాయినో పట్టుకుంటుంది. పొదలా కొమ్మలు వేస్తుంది. ప్రవాహం తెచ్చిందే దాని తిండి. కొమ్మల మధ్య నీరు నెమ్మదించి, మోసుకొస్తున్న మట్టిని వదిలేస్తుంది. కింది కొమ్మలు చచ్చి మట్టిలో కూరుకుపోతే వాటి నెత్తిన కొత్తవి లేస్తాయి. మట్టి పగడాన్ని నిలబెడుతుంది, పగడం మట్టిని పట్టి ఉంచుతుంది. అలా వేలవేల ఏళ్లకు ఇరవై అంతస్తుల ఎత్తు. ప్రవాహం తగ్గి తిండి అందకపోతే అన్నీ చచ్చిపోతాయి. ఎన్ని వేల ఏళ్లకో అది తిరిగొస్తే, ఆ ఎముకల మీదే మళ్లీ మొదలు.

కోసిన గొట్టంలో ఆ ఖాళీ కాలమంతా ఒక సన్నని గీత. అమ్మమ్మ దాన్ని తాకకుండా, పైన గాలిలోనే వేలు నడిపించేది. "ఇక్కడ ఎవరూ లేర్రా," అనేది, సొంతవాళ్లు ఖాళీ చేసిన ఇల్లు చూపిస్తున్నట్టు.

ఇన్నేళ్లలో ఆమె బతికున్న పగడాన్ని ఒక్కదాన్నీ చూడలేదు. ఫోటోలు చూపిస్తే పెదవి విరిచేది. "ఫోటోలో అందరూ కదలకుండానే ఉంటారు. బతికున్నారో పోయారో ఏం తెలుస్తుంది?"

ఓడ ఎక్కే అవకాశం ఒక్కసారే వచ్చింది. సరిగ్గా ఆ వారమే నేను పుట్టి చెడగొట్టాను. "ఇంకో పది రోజులు ఆగలేకపోయావా వెధవా," అని ఇప్పటికీ తిడుతుంది. తిట్టి, నా మఫ్లరు సరిచేస్తుంది.

పోయిన నెల ఆమె రిటైరయ్యే వారం. ఓడ మళ్లీ ఆ కొండల దగ్గరే ఉంది. కెమెరా, ఇనప చెయ్యి ఉన్న యంత్రాన్ని దించుతున్నామనీ, ఆఫీసు తెర మీద చూడొచ్చనీ కబురొచ్చింది. ఇద్దరం ముందు వరసలో కూర్చున్నాం. గంటన్నరసేపు బూడిదరంగు ముక్కలే.

"వీళ్లంతా నాకు తెలిసినవాళ్లే," అంది అమ్మమ్మ నీరసంగా.

ఇంకాసేపట్లో కెమెరా పైకి లాగేస్తారు. ఆమె స్వెటరు అంచు మెలిపెడుతూ కూర్చుంది. అప్పుడు కెమెరా ప్రవాహం తగిలే వైపుకు తిరిగింది. గట్టు మీద తెల్లని పొద. కొమ్మకొమ్మకూ బుల్లి బుల్లి చేతులు, విచ్చుకుని, నీళ్లలోంచి ఏదో అందుకుంటున్నాయి.

అమ్మమ్మ లేచి నిలబడింది. తెరకు అడ్డమొచ్చారని వెనకనుంచి ఎవరూ అనలేదు.

ఓడలో ఉన్న పరిశోధకురాలి గొంతు స్పీకరులో వినిపించింది. అమ్మమ్మ ఆమెను బురదమ్మాయి అంటుంది. "పిన్నిగారూ, మీకోసం ఒక కొమ్మ తుంచి తెమ్మంటారా? ఒకటి తీసుకోడానికి పర్మిషన్ ఉంది."

నేను తెగ తలూపాను.

"వద్దమ్మాయ్," అంది అమ్మమ్మ. "కెమెరాని ఇంకో నిమిషం అక్కడే ఉంచు."

ఐదు నిమిషాలు ఉంచారు. ఆమె రెప్ప వేసిన గుర్తు లేదు నాకు.

మర్నాడు ఆమె ఆఖరి గొట్టం కోస్తుంటే చలిగది గుమ్మంలో నిలబడి నిలదీశాను. "జన్మంతా దానికోసమే కలవరించావు గదా అమ్మమ్మా! తీరా అది ఇంటికొస్తానంటే వద్దంటావేంటి? ఒక్క కొమ్మేగా!"

అమ్మమ్మ రంపం ఆపింది.

"పైకొస్తే చస్తుంది. చచ్చినవి నా దగ్గర గదినిండా ఉన్నాయి. ఆ తలుపు వెయ్యి, చలంతా పోతోంది."