మా అత్తకు సర్దిన టేబుల్

పనికి పోయిన మొదటి రోజే ఒక బకీటు నిండ చెంచలు తెచ్చి నా ముందట పోసిర్రు. శామీర్‌పేట దాటినంక రోడ్డుకు లోపలికి ఉండే రిసార్టు అది. అంతకుముందు పదేండ్లు ద్రాక్షతోటల్ల కూలి చేసిన. తోటలు ఒక్కొక్కటే కొట్టేసి వెంచర్లు వేసేసరికి చేతిల పని లేకుంట పోయింది. నా పెనిమిటి చెరువుల చేపలు పడుతడు. మా అత్త ఆ చేపలను రోడ్డు పక్కన చెక్క బల్ల మీద పెట్టుకోని అమ్ముతది. చెరువు ఎండే నెలలు కూడ ఉంటయి గదా. అందుకని రిసార్టుల గిన్నెలు తోమే పనికి కుదిరిన.

గిన్నెలంటే గిన్నెలే అనుకున్న. తీరా చూస్తే ఆడ గిన్నెల కంటె చెంచలే ఎక్కువ. మా ఇంట్ల చెంచ అంటే ఒక్కటే, అది చక్కెర డబ్బాల ఉంటది. ఈడ రంపం లెక్క పండ్లున్నయి, పండ్లు లేనియి, పొడుగుయి, పొట్టియి, గుండ్రం మూతియి, కోల మూతియి. ఏది దేనికో ఎవలూ చెప్పలే. వేడినీళ్ళల్ల కడిగి, బట్టతోని తుడిచి, ఒక్కో తీరుది ఒక్కో డబ్బాల వెయ్యాలె. ఒక డబ్బాది ఇంకో డబ్బాల పడ్డదా, అవుతల నుంచి ఒక్కటే లొల్లి.

అందుకని నేనే పేర్లు పెట్టుకున్న. సూపు తాగే గుండ్రం చెంచ నాకు ‘పూరి’. స్వీటు తినే చిన్నది ‘మరదలు’. మూడు పండ్ల చిన్న ఫోర్కు ‘పిల్లి పంజా’. ఒక చాకు ఉండేది, వెడల్పుగ, మొండిగ, కొస కాడ చిన్న గాటుతోని. దాన్ని చూస్తే మా చెరువుల దొరికే పరక చేప యాదికొచ్చేది, అందుకని దాన్ని ‘పరక’ అంటుంటి. అది నిజంగనే చేపలు తినే చాకని నాకు అప్పుడు తెల్వది.

ఒక వానాకాలం గడిచింది. రిసార్టుల కొత్తగ పెద్ద భోజనాల హాలు కట్టిర్రు. అందుల పనిచెయ్యడానికి ఆరుగురు పిల్లలను తీసుకొని, వాళ్ళకు నేర్పెతందుకు సికింద్రాబాద్ నుంచి ఒక సారును పిలిపించిర్రు. పెద్ద పెద్ద హోటళ్ళల్ల చేసి రిటైరైన మనిషి. తెల్ల మీసం, అద్దం లెక్క మెరిసే బూట్లు. గొంతు మాత్రం మస్తు మెత్తగుంటది.

నేను గిన్నెలు తోమే కాడ గోడకు ఒక కిటికీ ఉండె. ఎంగిలి ప్లేట్లు అందుల నుంచే లోపలికి వస్తయి. సారు పాఠం ఆ కిటికీ అవుతలనే. నా చేతులు నీళ్ళల్ల ఉంటే చెవులు అటు ఉంటుండె.

మొదటి రోజే సారు, “కాంటా ఎడమకు పెట్టాలె” అన్నడు. నేను పరేషాన్ అయిన. మాకు కాంటా అంటే చేపలు జోకే తరాజు. అన్నం తినే కాడ తరాజు ఎందుకు, తూకమేసి పెడుతరా ఏంది అనుకున్న. తొంగి చూస్తే ఆయన చేతిల ఫోర్కు ఉన్నది. నవ్వాపుకోలేక ముఖం మీద నీళ్ళు చల్లుకున్న.

అట్ల వినుకుంట వినుకుంటనే చాన తెలుసుకున్న. ఎడమకు ఫోర్కులు, కుడికి చాకులు, చాకుల పక్కన సూపు చెంచ. ముందుగాల వాడేది బయటికి, ఆఖరుకు వాడేది ప్లేటు దగ్గరికి. స్వీటు చెంచ ప్లేటు పైన అడ్డంగ. నీళ్ళ గ్లాసు చాకు కొసకు పైన. అన్నిటి పిడులు టేబుల్ అంచు నుంచి బొటనవేలి కణుపంత లోపలికి, దారం పట్టినట్టు ఒక్క వరుసల ఉండాలె. చాకు పదును ప్లేటు దిక్కే చూడాలె. “పక్కన కూసున్నాయన దిక్కు పదును చూపిస్తే ఆయనకు ఎట్లుంటది?” అని సారు అడుగుతుండె. ఆ మాట నాకు బాగ నచ్చింది.

ఒకరోజు సారు చేప తినే టేబుల్ సర్దుదామని, “ఫిష్ నైఫ్ తీస్కరండి” అన్నడు. తూంకుంట నుంచి వచ్చే పిల్ల ఉరికిపోయి వెన్న రాసే చాకు తెచ్చింది. ఇంకొకరు మాంసం కోసే పండ్ల చాకు తెచ్చిర్రు. సారు రెండిటికీ తల అడ్డంగ ఊపిండు. నాకు నోరు ఊకోలే. కిటికీలకెళ్ళి తల బయటికి పెట్టి, “సార్, గవి గావు. పరకలు కింది అరల ఉన్నయి” అన్న.

అందరు నా దిక్కు తిరిగిర్రు.

“పరకలేంది?” అన్నడు సారు.

ఇగ తప్పదని తడి చేతులు కొంగుకు తుడుచుకోని పోయి, కింది అరల నుంచి డబ్బా తీసి ఆయన చేతికిచ్చిన. డబ్బాల చూసిండు, నన్ను చూసిండు. “చేప పేరేనా పెట్టినవు? మరి మిగిలినవాటికి?” అని అడిగిండు. సిగ్గుపడుకుంటనే చెప్పిన. ‘మరదలు’ అనంగనే పిల్లలు పడీ పడీ నవ్విర్రు. సారు నవ్వలేదు. అన్ని తీర్లయి కలిపి ఒక గుప్పెడు తీసి తువాల కింద పెట్టి, “చూడకుండ చెప్పమ్మా” అన్నడు.

తువాల కింద చెయ్యి పెట్టిన. తోమి తోమి నా వేళ్ళకు వాటి బరువు కూడ తెలుసు. ఒక్కొక్కటి తీసి వరుసగ పెట్టుకుంట పోయిన. ఒక్కటి కూడ తప్పు పోలే.

“రేపటి నుంచి నువ్వు కిటికీ ఇవుతలికి రా” అన్నడు సారు.

ఆ మాట ఇంట్ల చెప్తే నా పెనిమిటి ఖుషీ అయ్యిండు. మా అత్త మాత్రం మూతి తిప్పింది. ఆమె పొట్టి మనిషే గానీ గొంతు రోడ్డు అవుతలికి వినపడుతది. “అన్నం తింటానికి అన్ని సామాన్లెందుకే? చెయ్యి ఏం పాపం జేసింది?” అన్నది.

“చేతిది తప్పేం లేదత్తా. నచ్చినోళ్ళు చేత్తో తింటరు, రానోళ్ళకు గివి పెడతం. అడగకుండనే అన్నీ అందేటట్టు పెట్టాల్నంట.”

“అడగకుండ ఎవలు పెడ్తరే నాకు” అని గొణుగుకుంట పోయింది.

రోజంత నేర్చుకున్నది ఇంట్ల మళ్ళ చేసి చూసుకుంటేనే గుర్తుంటది. మాకేమో టేబుల్ లేదు. మా అత్త సాయంత్రం చేపలమ్ముడు అయినంక బల్ల కడిగి వాకిట్ల ఆరబెడుతది. నేను ఆ బల్ల మీద దుప్పటి మడిచి వేసేదాన్ని. తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ పాత అట్టపెట్టె కత్తిరించి చాకులు, ఫోర్కులు, చెంచలు చేసిచ్చింది. స్టీలు పళ్ళెం నడిమిట్ల పెట్టి నేను ఎడమకు, కుడికి సర్దుతుంటే, దుప్పటి ఎన్నిసార్లు ఉతికినా దాంట్ల చేపల వాసన పోకపోయేది. ఒకపూట పక్కింటి పిల్లి వచ్చి పళ్ళెం ముందట దర్జాగ కూసున్నది. నా బిడ్డ దానికి అట్ట చెంచతోని మర్యాదలు చేసింది.

పిల్లి కన్న మనిషి నయమని మా అత్త ముందుకొచ్చింది. రోజూ పొద్దుగూకే యాల్లకు వచ్చి పీట మీద కూసునేది. “ఊ, పెట్టు” అనేది. మొదట్ల ఆటగ కూసున్నదే. పది రోజులకు నా కన్న ముందు ఆమెకే తెలుస్తుండె. సూపు చెంచ జరంత వంకరగ ఉన్నా వేలితోని జరిపేది. “కణుపంత లేదు, ఇంకింత లోపలికి” అనేది. ఆమె ఏండ్లకేండ్లు బల్ల మీద చేపలు పేర్చిన మనిషి. రవ్వ ఒక దిక్కు, బొచ్చె ఒక దిక్కు, తలలన్ని ఒక్క వరుస. వరుస తప్పితే ఆమె కండ్లు ఊకోవు.

ఆఖరుకు సారు పరీక్ష పెట్టిండు. “మీ ఇంట్ల నుంచి ఒక్కొక్కరిని తీస్కరండి. మీరు సర్దిన టేబుల్ మీద వాళ్ళు కూసోని తింటరు. నేను మార్కులేస్త” అన్నడు.

నా పెనిమిటిని రమ్మంటే, “నాకు వల కుట్టేదున్నది” అని జల్దీ బయట పడ్డడు. అప్పుడు మా అత్త, “నేనొస్త. ఇన్ని దినాలు అట్టముక్కలు ముందట పెట్టినవు, ఇగ అన్నమన్న పెట్టు” అన్నది.

మేడ్చల్ల కొన్న ఆకుపచ్చ చీర కట్టుకోని, తలకు నూనె రాసుకోని, నా ఎనుకనే ఆటోల వచ్చింది. హాలు చూసి ఒక్క నిమిషం నిలబడ్డది. చెప్పులు బయట ఇడువబోతే సారే వచ్చి, “వద్దమ్మా, అట్లనే రండి” అని కుర్చీ వెనకకు గుంజి పట్టుకున్నడు. మా అత్త కుర్చీని చూసింది, సారును చూసింది. “నువ్వు గుంజుతె నేను కింద పడ్తనేమో” అన్నది. “పడనియ్యనమ్మా” అన్నడు సారు.

ఇంట్ల ఎంత చేసినా, ఈడున్నయి నిజం సామాన్లు, తెల్ల బట్ట, ఏడు టేబుళ్ళు, చేతిల కాగితంతోని సారు. వేలిముద్రలు పడకుండ పిడులే పట్టుకోని ఒక్కొక్కటి పెట్టుకుంట వచ్చిన. అంత అయ్యిందనుకోని చేతులు కట్టుకోని నిలబడ్డ.

మా అత్త టేబుల్ దిక్కు అటుకెళ్ళి ఇటు చూసింది. తర్వాత హాలంత వినపడేటట్టు, “ఓ పిల్లా, గీ చాకు పదును బయటికున్నది చూడు! లోపలికి గదా ఉండాలె?” అని వేలితోని చేప చాకును తిప్పిపెట్టింది.

నేను నిలువునా కుంగిపోయిన. తూంకుంట పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. సారు వచ్చి చాకు చూసి, కాగితం మీద ఏదో రాసుకోని, అవుతలికి పోయిండు.

సూపు వచ్చింది. మా అత్త సప్పుడు చెయ్యకుండ తాగింది. మడిచిపెట్టిన నాప్కిన్‌ను మాత్రం ఒళ్ళె వేసుకోకుండ బొడ్ల చెక్కుకున్నది. నేను కండ్లతోని సైగ చేస్తే, “పడిపోతది” అన్నది.

అప్పుడొచ్చింది చేప. నిండు చేప, సముద్రం పాంఫ్రెట్. మా అత్త ప్లేటు మీదికి వంగి చూసింది. “గిదేంది, చేపనా అప్పడమా? దీని మీద ఎవలన్న కూసున్నరా?” అని అడిగింది. పక్క టేబుళ్ళోళ్ళు నవ్వాపుకోలేకపోయిర్రు.

సారు దగ్గరికొచ్చి, “అమ్మా, ఈ చాకు కోసేతందుకు కాదు. ముల్లు మీదికెళ్ళి మాంసం లేపేతందుకు” అని తోక దిక్కు నుంచి చేసి చూపెట్టబోయిండు. ఆ చేప ఏం వేగిందో ఏమో, మాంసం ముల్లును ఇడువకుంట ముక్కలు ముక్కలయ్యింది.

“ఆగు సారూ” అన్నది మా అత్త. “తల కాడ సందుంటది, ఆడికెళ్ళి పోవాలె.” సారు చాకు ఆమె చేతికిచ్చిండు. ఆమె ఒక్కసారి దాని బరువు చూసుకున్నది. తల కాడ గుచ్చి, నడుమ గీత మీదికెళ్ళి తోక దాక ఒక్కటే గీత గీసింది. మాంసాన్ని పైకింత, కిందికింత జరిపింది. ఫోర్కుతోని తల పట్టి లేపితే తల, నడిమి ముల్లు, తోక అన్ని కలిసి దువ్వెన లెక్క లేచొచ్చినయి. ప్లేటుల ఒక్క ముల్లు లేదు. చిన్న గాటున్న కొసను చూసుకుంట, “మంచిగనే చేసిండు దీన్ని చేసినోడు” అన్నది.

సారు తన బూట్లు, మీసం, అంత మరిచిపోయి పక్క కుర్చీల కూలబడ్డడు. “ఇంకోసారి చేయమ్మా” అన్నడు. లోపల నుంచి ఇంకో చేప వచ్చింది. ఆరుగురు పిల్లలు, వాళ్ళ ఇంటోళ్ళు, లోపలి వంటాయన, అందరు మా అత్త చుట్టు మూగిర్రు. ఆమె రోడ్డు మీద చేపలమ్మే గొంతుతోనే, “గీడ గుచ్చాలె, తొందర పడొద్దు, చేపకు నొప్పి లేదు గానీ తినేటోళ్ళకు ఉంటది” అని చెప్పుకుంట చేసింది. పిల్లలు తలా ఒకసారి చేసి చూసిర్రు. తూంకుంట పిల్లకు రాకపోతే చెయ్యి పట్టి చేపిచ్చింది.

ఆఖరుకు సారు మార్కులు చదివిండు. “చాకు ఉల్టా పెట్టినందుకు నీకు రెండో నంబరు” అన్నడు నాతోని. “మరి ఫస్టు ఎవలు సార్?” అని అడిగిన. ఆయన మా అత్త దిక్కు చెయ్యి చూపెట్టిండు. మా అత్త బొడ్లకెళ్ళి నాప్కిన్ తీసి మూతి తుడుచుకోని, “నాకు తెలుసు” అన్నది. ఇంటికి పోయేదాక ఆటోల నవ్వుకుంటనే ఉన్నం.

తర్వాతి సోమవారం నుంచి నన్ను హాలుకు తీసుకున్నరు. నల్ల కోటు ఇచ్చిర్రు. మొదటిసారి ఇరవై మందికి టేబుల్ సర్దినప్పుడు, పని అయినంక దూరంగ నిలబడి చూసుకున్న. ఎండ కిటికీలకెళ్ళి పడి పిడులన్ని ఒక్క వరుసల మెరుస్తుంటే, నా కడుపు నిండినట్టయింది. ఆ రోజు చాకులన్ని రెండుసార్లు తడిమి చూసుకున్న, పదును ఎటున్నదో అని.

సారు పని అయిపోయి సికింద్రాబాద్ పొయ్యేముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చిండు. మా అత్తనే పిలిచింది. బొచ్చె చేప పులుసు, చింతపండు బాగ పోసి, పొద్దటి నుంచే పొయ్యి మీద పెట్టింది. చాప వేసి కింద కూసోబెట్టినం. ఆయన బూట్లు ఇడిచి, మోకాళ్ళు పట్టుకోని, ఎట్లనో మఠం వేసుకున్నడు.

బొచ్చెకు సన్న ముళ్ళు మస్తు. రెండో ముద్దకే ఆయన గొంతుల ఒకటి గుచ్చుకున్నది. ముఖం ఎర్రగయ్యింది, కండ్లల్ల నీళ్ళొచ్చినయి. మా అత్త ఆగమాగం కాలే. ఉత్త అన్నం పెద్ద ముద్ద చేసి ఆయన నోటికాడ పెట్టి, “నమలకు, మింగు” అన్నది. మింగిండు. కొంచెం సేపు గొంతు పట్టుకోని చూసుకున్నడు. ముల్లు పోయింది.

“వేళ్ళతోని నొక్కి చూసుకోవాలె సారూ. ముల్లు వేలికి తెలుస్తది, నాలుకకు చెప్పదు” అని చేత్తో చేసి చూపెట్టింది. సారు బడి పిల్లగాని లెక్క ఆమె చేతినే చూసుకుంట, ఆమె చేసినట్టే చేసుకుంట తిన్నడు. మూడోసారి అన్నం పెట్టించుకున్నడు. అప్పుడు మా అత్త గిన్నెల నుంచి చేప తలకాయ తీసి ఆయన పళ్ళెంల వేసి, “గిది తింటానికి మీ కాడ ఏ చాకూ లేదు. నిమ్మలంగ తిను సారూ, ఎవలూ మార్కులెయ్యరు” అన్నది.