క్యూ పక్కన యు లేని మాట

మొన్న శుక్రవారం రెండో పీరియడ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. టైపు మాస్టారి అమ్మాయి. "అక్కా, మా అబ్బా పోయారు. జుమ్మా నమాజు అయినాక తీసకపోతారంట. వస్తావా?" అంది. హెడ్మాస్టరు గారికి చెప్పి రెంటచింతలలో బస్సెక్కాను. నరసరావుపేట చేరేదాకా ఒక్కటే అనుకుంటూ కూర్చున్నాను. నేను ఇవాళ ఇంగ్లీషు టీచర్ని. కాగలనని మొదట తెలిసింది ఆయనకే. నాకు తెలియడానికి ఇంకా చానాళ్లు పట్టింది.

కోర్టు దగ్గర్లో, మేడమీద ఒకే ఒక్క గదిలో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. పొద్దున మాలాంటివాళ్లకు పాఠం, మధ్యాహ్నం నుంచి వకీళ్లకు అర్జీలు, దావాలు కొట్టిపెట్టడం. తను పదో తరగతి ఇంగ్లీషులో తప్పిన సంగతి ఎవరి దగ్గరా దాచేవారు కాదు. "నాకు ఇంగ్లీషు చెవుల్లోంచి రాలా, వేళ్లలోంచి వచ్చింది," అనేవారు. నిజమే. ఏదైనా మాట స్పెల్లింగు అడిగితే ఆయన వేళ్లు బల్ల మీద ఆడేవి. వేళ్లు ఎక్కడన్నా తడబడితే మాత్రం లేచి డిక్షనరీ తీసేవారు.

నేను అక్కడ చేరింది డిగ్రీ మొదటి ఏడాదిలో. అంతవరకూ తెలుగు మీడియం. కాలేజీలో చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. చదువు మానేస్తాను, టైపు నేర్చుకుని ఏదో ఒక పనిలో చేరతానని మా అమ్మతో చెప్పి వచ్చాను. వారం రోజులు చూసి మాస్టారు నా మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"ఏందమ్మాయ్, ఏం కొడతన్నావో చూసుకోకుండా కొడతన్నావ్?"

"నాకు ఇంగ్లీషు రాదు మాస్టారూ. కాలేజీ కూడా మానేస్తన్నా."

"రాకపోతే పోనియ్. అక్షరాలొచ్చుగా?" అని ఒక చిత్తు కాగితం వెనక్కి తిప్పి టి, హెచ్, జి అని మూడక్షరాలు రాశారు. "ఈ మూడూ ఉన్న మాట ఒకటి చెప్పు."

కాసేపు చూసి నైట్ అన్నాను. ఇంకోటి అన్నారు. లైట్, రైట్, థింగ్. గంట గడిచేసరికి కాగితం మీద పదకొండు మాటలున్నాయి. వాటిని వేలితో లెక్కపెట్టి, "ఇన్ని తెలిసినదానివి ఇంగ్లీషు రాదంటావేంది?" అన్నారు. నన్ను మెచ్చుకోవడానికి అన్నది కాదు. ఆయనకు నిజంగానే అర్థం కాక అడిగారు.

అప్పటినుంచి రోజూ టైపు అయ్యాక మాటల ఆట. అక్షరాలు కుప్పగా ఉంటే ముందు తోక పట్టుకోమనేవారు. ఐ-ఎన్-జి ఉందా, ఇ-డి ఉందా చూసి పక్కన పెడితే మిగిలినదానికి భయపడక్కర్లేదని. జె తో ముగిసే మాటలకు ఒక కట్ట, పక్కన యు లేకుండా క్యూ వచ్చే మాటలకు ఇంకో కట్ట, అన్నీ చిత్తు కాగితాల వెనకే. నేను ధైర్యం చేసి లేని మాట రాస్తే మొహమాటం లేకుండా కొట్టేసేవారు. "ఉందనిపించటం వేరు, ఉండటం వేరు," అనేవారు.

ఆ ఏడాది చివర్లో మా కాలేజీలో పదాల పోటీ పెట్టారు. పేరిచ్చింది నేను కాదు, ఆయనే ఇప్పించారు. బోర్డు మీద ఎ, క్యూ, ఆర్ అని రాశారు. మూడూ ఉన్న మాట చెప్పాలి, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. స్క్వేర్, క్వార్టర్, క్వారెల్, అక్వేరియం అన్నీ ముందువాళ్లు చెప్పేశారు. నా వంతు వచ్చింది. లేచి, "ఎఫ్, ఎ, క్యూ, ఐ, ఆర్. ఫకీర్," అన్నాను.

హాల్లో నవ్వులు. లెక్చరర్ గారు కూడా నవ్వి, "క్యూ పక్కన యు లేకుండా ఇంగ్లీషులో మాటే లేదమ్మా. కూర్చో," అన్నారు.

పోటీ చూడ్డానికి వచ్చి వెనక బెంచీలో కూర్చుని మాస్టారున్నారు. ఆయన లేచి చెబుతారని చూశాను. ఆయన లేవలేదు. చూపుడు వేలితో గాలిలో పేజీ తిప్పినట్టు చేశారంతే. నేను కూర్చోలేదు.

"డిక్షనరీ చూడండి సార్," అన్నాను.

లెక్చరర్ గారు తెరిచారు. చాలాసేపు చూశారు. తర్వాత నా పేరు ఎదురుగా మార్కు వేశారు. ఆ పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. బయటికొచ్చాక మీరెందుకు చెప్పలేదని మాస్టారితో పోట్లాడాను. "నేను చెబితే నన్ను నమ్మేవోళ్లు. వాళ్లు నమ్మాల్సింది నిన్నుగా," అన్నారు. నేను కాలేజీ మానలేదు.

కంప్యూటర్లు వచ్చాక ఆయన మిషన్లు ఒక్కొక్కటే పోయాయి. అందుకు ఆయన దిగులుపడింది నేను చూడలేదు. కూతురి ఫోన్‌లో ఐదక్షరాల ఇంగ్లీషు మాట కనిపెట్టే ఆట నేర్చుకున్నారు. పొద్దున్నే నాకు మెసేజ్ వచ్చేది: "నాకు మూడుసార్లకే అయింది. నీకో?" ఆయన్ని నేను గెలిచిన రోజులు తక్కువ.

శుక్రవారం మగవాళ్లు ఆయన్ని తీసుకువెళ్తుంటే నేను ఆయన కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది పోయిన ఏప్రిల్ నెల. ఆయన్ని మా బడికి తీసుకొచ్చాను. ఎనిమిదో తరగతి పిల్లల్ని, ఎ, ఇ, ఐ, ఓ, యు ఏవీ లేని మాటలు చెప్పమన్నారు. స్కై, ఫ్లై, డ్రై అన్నారు పిల్లలు.

"వై కూడా లేకుండా చెప్పండి చూద్దాం. ఉండదు," అన్నారు మాస్టారు.

చివరి వరసలో ఒక పిల్ల లేచింది. "బి, ఆర్, ఆర్, తాతా."

"అదేం మాటే?"

"చలేస్తే అంటారంట. ఫోన్‌లో మాటలు కట్టే ఆటలో కొడితే ఒప్పుకుంది."

ఆయన నా వంక చూశారు. నేను ఫోన్‌లో వెతికి, ఉందన్నట్టు తలూపాను. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, ఆ పిల్లను మళ్లీ చెప్పమని, ఒక్కో అక్షరమే రాసుకున్నారు. తర్వాత, "ఎట్టా అనాలో చూపియ్," అన్నారు.

ఆ పిల్ల చేతులు రెండూ కట్టుకుని వణికింది. ఆయనా వణికారు. ఇంక క్లాసంతా మొదలుపెట్టింది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. కరెంటు లేక ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. ఆ గదిలో నలభైమంది పిల్లలు, వాళ్ల మధ్య ఒక ముసలాయన, చెమటలు కారుతుండగా చేతులు గట్టిగా కట్టుకుని, "బ్ర్‌ర్‌ర్" అంటూ గడగడ వణికిపోతున్నారు.