నీలం కింద ఆకుపచ్చ

2023 చలికాలం. కువైట్‌లోని శువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసే గరాజ్‌కి ఒక పాత అమెరికన్ కారు రికవరీ బండి మీద వచ్చింది. 1970 మోడల్. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, బానెట్ కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఇలాంటి వాటిని మజిల్ కార్లు అంటారు. మాది కోనసీమ. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ రంగులు కలపడమే నా పని. గరాజ్‌లో అందరూ నన్ను సబ్బాగ్ అంటారు, అంటే రంగులేసేవాడని. నిజానికి వేసేవాడు వేరే ఉన్నాడు, నేను కలిపేవాణ్ణి. ఈ తేడా చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

కారు యజమాని అబూ ఫహద్, మిష్రిఫ్‌లో ఉండే కువైటీ. యాభై దాటిన మనిషి. కారు వాళ్ళ నాన్న కొన్నది. ఆయన పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ ఎండలో పడి ఉండి రంగు పెచ్చులూడింది, మళ్ళీ వేయించక తప్పదు.

"మొదట ఏ రంగుతో ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిందో అదే కావాలి. పిసరంత తేడా వచ్చినా ఒప్పుకోను," అన్నాడు.

"ఇప్పుడున్న నీలమేగా సార్?"

"అదే. దీని మీద రెండో పెయింట్ పడనివ్వలేదు మా నాన్న. వకాలా పెయింట్ అని పోయేదాకా చెప్పుకున్నాడు."

వకాలా అంటే ఇక్కడ కంపెనీ డీలరు. బండికి మొదటి పెయింటే ఉందని చెప్పుకోవడం కువైట్‌లో చాలా గొప్ప. అమ్మకం ప్రకటనల్లో ఆ ఒక్క మాటతో ధర లేస్తుంది. ఆ మాట అబద్ధమని తేలితే మనిషి పరువు కూడా బండితోపాటే దిగిపోతుంది.

పాత కారు రంగు తేల్చడానికి మాకు మూడు సాక్ష్యాలుంటాయి. మొదటిది డేటా ప్లేట్. ఇంజను దగ్గర రివెట్లతో బిగించిన చిన్న రేకు, దాని మీద పెయింట్ కోడ్ ఉంటుంది. రెండోది ఎండ తగలని మూలలు: డాష్‌బోర్డు వెనక, డిక్కీలో మ్యాట్ కింద. మళ్ళీ రంగేసేవాడు అంత లోపలికి వెళ్ళడు, బద్ధకిస్తాడు. మూడోది పొరలు. ఒకచోట రూపాయి బిళ్ళంత మేర తడి ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దితే, ఉల్లిపాయ కోసినట్టు ఒక్కో పొరా వలయంగా బయటపడుతుంది.

ప్లేట్ మీద కోడ్ చదివి పాత చార్టులో చూశాను. ముదురు ఆకుపచ్చ. నేనే తప్పు చదివానేమోనని కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఆకుపచ్చే. డాష్‌బోర్డు వెనక టార్చ్ వేసి చూస్తే అక్కడా ఆకుపచ్చ. కుడి వైపు ముందు చక్రాన్ని కప్పే రేకు, అంటే ఫెండర్ మీద రుద్దాను. పైన నీలం, దాని కింద బూడిద రంగు ప్రైమర్, దాని కింద సొట్టలు పూడ్చే పుట్టీ వేలి మందాన, అంచుల్లో ఆకుపచ్చ. అయస్కాంతం పెడితే అతుక్కోకుండా జారిపోయింది. ఆ ఫెండర్ ఎప్పుడో గట్టి దెబ్బే తింది.

ఫోన్‌లో ఫోటోలు తీసి అబూ ఫహద్‌కి చూపించాను. ఒక్కోటీ పెద్దది చేసి చూశాడు. ముఖం మాడిపోయింది.

"అంటే మా నాన్న అబద్ధమాడాడా?"

కారు కొన్నప్పటికి నేనింకా పుట్టనే లేదు. "ప్లేట్ అలా చెబుతోంది సార్," అని నసిగాను.

"ప్లేట్ తప్పయి ఉంటుంది. మా నాన్న స్నేహితుల్ని అడుగుదాం, రా."

వాళ్ళింటి దివానియాకి తీసుకెళ్ళాడు. ఇంటి ముందు భాగంలో మగవాళ్ళు సాయంత్రాలు చేరి కబుర్లాడుకునే పెద్ద హాలు అది. నేను నాలుగు స్ప్రే కార్డులు పట్టుకెళ్ళాను. రంగు కలిపి ముందుగా అట్టముక్క మీద కొట్టి చూసుకునేవి. రెండు నీలం, రెండు ఆకుపచ్చ. నలుగురు పెద్దవాళ్ళు టీ తాగుతూ కార్డులు చేతులు మార్చుకున్నారు.

"నీలం. నేను అందులో బీచికి వెళ్ళాను," అన్నాడు ఒకాయన.

"మొదటి పది రోజులు గ్రీన్. అది నచ్చక వకాలాకి తిరిగిచ్చేసి నీలం బండి తెచ్చుకున్నాడు. నాతోనే చెప్పాడు," అన్నాడు రెండో ఆయన.

మూడో ఆయన మెరూన్ అన్నాడు. నాలుగో ఆయన, అసలది తెల్లకారు, మీరంతా వేరే కారు గురించి మాట్లాడుతున్నారని అందరి మీదా కేకలేశాడు. నాకు బుర్ర తిరిగింది. బండి మార్చుకున్నది నిజమైతే ఈ బండిలో ఆకుపచ్చ ఎందుకుంది? దెబ్బ తిన్నది ఏ బండి? పైగా ట్యూబ్‌లైట్ల వెలుగులో ముదురు ఆకుపచ్చా ముదురు నీలమూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. పొద్దున పదింటి ఎండలో చూడాల్సిన కార్డుల్ని అక్కడికి తేవడం నా తెలివితక్కువ.

తల పట్టుకుని వాకిట్లోకొచ్చి గరాజ్‌లో తోటి పనివాడికి ఫోన్ చేసి, తెలుగులో నా గోడు చెప్పుకుంటున్నాను. పక్క సందులోంచి ఒకావిడ తొంగిచూసింది.

"అన్నా, నువ్వు తెలుగోడివా? మాది రాయచోటి, ఈ ఇంట్లోనే పంజేస్తాండా. నా పేరు నాగరత్న. మామా కబీరా నిన్ను పిలుస్తాండాది, వంటింటి తలుపు కాడికి రా."

మామా కబీరా అంటే పెద్దావిడ, అబూ ఫహద్ తల్లి. డెబ్భై దాటాయి. వంటింటి తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే కార్డుల కోసం చెయ్యి చాచింది. నాలుగూ చూసి, ఒక ఆకుపచ్చ కార్డు తీసి ఒళ్ళో పెట్టుకుని పాతకాలపు యాసలో గబగబా చెప్పడం మొదలుపెట్టింది. నాకొచ్చింది గరాజ్ అరబ్బీ. సగం కూడా అందలేదు. నాగరత్న అందుకుంది.

"పెండ్లయిన కొత్తల్లో అంటన్నా. బాబా, అంటే ఈయమ్మ మొగుడు, మద్యాన్నం నిద్దరపోతాంటే ఈయమ్మ తాళాలు తీసుకోని బండి బయటికి తీసిందంట. తోలేది సరిగ్గా రాదు. పోయి గోడకు గుద్దేసిందంట. బాబా వాళ్ళ నాయన శానా కోపిష్టంట. తెలిస్తే ఈయమ్మను పుట్టింటికి పంపిచ్చేస్తాడని, బాబా అప్పుడికప్పుడే బండిని యాడికో ఎత్తకపొయి, బాగు జేపిచ్చి నీలం కొట్టిచ్చినాడంట. గ్రీను నచ్చల్యా, వేరే బండి మార్చుకోనొచ్చినా అని అందురికీ చెప్పినాడంట."

పెద్దావిడ కార్డు మీద వేలితో రాస్తూ ఇంకేదో అంది. ఈసారి మెల్లగా.

"ఆయప్పకు గ్రీనంటే పానమంట. సచ్చిపొయ్యేదాకా నీలం బండే తోలినాడు గాని, ఒక్క దినం గూడా గ్రీను మాట ఎత్తల్యాదంట. ఇప్పుడు గ్రీనే ఎయ్యమంటాది. కొడుక్కు మాత్రం చెప్పొద్దంటాది."

"ఏం చెప్పకుండా గ్రీను ఎలా వేస్తానమ్మా? ఆయన నీలం అని కూర్చున్నాడు కదా!"

నాగరత్న అరబ్బీలో అడిగింది. పెద్దావిడ నా వైపు చూసి "యల్లా" అంది, అంతే. ఇక వెళ్ళమని.

వారం రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. కారు ప్రైమర్ కొట్టుకుని బూడిద రంగులో నిలబడి ఉంది. నీలం వేస్తే పెద్దావిడ మాట పోతుంది. ఆకుపచ్చ వేస్తే కొడుకు దృష్టిలో చచ్చిపోయిన తండ్రి అబద్ధాలకోరు అవుతాడు. నిజం చెబితే రెండూ తేలిపోతాయి, కానీ అది నా నోటితో చెప్పేది కాదు. ప్లేట్, మూలలు, పొరలు అన్నీ నా పక్షానే ఉన్నాయి, అయినా డబ్బా మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. అబూ ఫహద్ రోజూ ఫోన్ చేసి "ఏ రంగు?" అని అడిగేవాడు. నేను రోజూ ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. చివరికి ఉండబట్టలేక అనేశాను:

"సార్, మీ ఇంట్లో పెద్దావిడని ఒక్కసారి అడగండి. దివానియాలో అందర్నీ అడిగారు, ఆవిణ్ణి అడగలేదు."

అతను టక్కున ఫోన్ పెట్టేశాడు.

మాట తప్పానా, నిలబెట్టుకున్నానా అన్నది నాకప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు. మర్నాడు పొద్దున్నే అబూ ఫహద్ ఒంటరిగా వచ్చాడు. సీట్లు లేని కారులో, ఇనప నేల మీద కాసేపు కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మ అంతా చెప్పింది," అన్నాడు. "గ్రీన్ వెయ్యి."

ఆ రంగు కలపడానికి మూడు రోజులు పట్టింది. 1970 నాటి ఫార్ములాలో ఉన్న సీసం రంగులు ఇప్పుడు దొరకవు. కోడ్ దారి చూపిస్తుంది గానీ మిగతాదంతా కంటితోనే తేల్చాలి. డాష్‌బోర్డు వెనక నుంచి తీసిన రేకుముక్కని ఎండలో కార్డు పక్కన పెట్టి, ఒక్కో గ్రాము పసుపూ నలుపూ వేస్తూ పోయాను. పదిహేడో కార్డుకి రేకెక్కడ ఆగిందో, కార్డెక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోయింది. అంత బాగా కుదిరిన రంగు నా సర్వీసులో ఇంకోటి లేదు.

బండి అప్పగించే రోజు నన్నూ ఇంటికి రమ్మన్నాడు. దివానియా పెద్దలంతా బయటికొచ్చారు. బీచికి వెళ్ళానన్న ఆయన కారు చుట్టూ తిరిగి, "ఇదేం రంగు? నీలం ఏమైంది? మీ నాన్న బండి ఇది కాదు," అన్నాడు. అందరూ అబూ ఫహద్ వైపు తిరిగారు. అతను ఒక్క క్షణం నన్ను చూశాడు.

"ఈ సబ్బాగ్ కోడ్ తప్పు చదివాడు. మళ్ళీ వేయించే ఓపిక లేక వదిలేశాను. నాన్న చెప్పిందే నిజం."

నా చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్ళలో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. ప్లేట్ ఫోటో, పొరల ఫోటో నా జేబులో ఫోన్‌లోనే ఉన్నాయి. తీసి చూపించడం ఒక్క నిమిషం పని. వంటింటి తలుపు కాస్త తెరుచుకుని ఉంది, పెద్దావిడ అక్కడే నిలబడి ఉంది.

"అవును సార్," అన్నాను. "పొరపాటు నాదే."

నలుగురూ నవ్వారు. కళ్ళద్దాలు మార్చుకోమన్నాడు ఒకాయన.

ఆ తర్వాత పాత కారు ఏది వచ్చినా, చార్టు తెరిచే ముందు ఇంట్లో ఆడవాళ్ళు దీన్ని చూశారా అని అడగడం అలవాటైంది. అబూ ఫహద్ నా మీద నింద వెయ్యడం న్యాయమా అంటే, నాకింకా తేలలేదు. ఒక్కోసారి కోపం వస్తుంది. ఆ దివానియా పెద్దలు ఇప్పటికీ తమ బండ్లు నా దగ్గరికి తేరు. కోడ్ చదవడం నాకు ఏడాదిలో వచ్చింది. చదివింది గొంతులోనే దాచుకోవడం మాత్రం ఆ వాకిట్లో, ఒక్క నిమిషంలో నేర్చుకోవలసి వచ్చింది.