సుంకం అడిగిన గొంతు

గుజరాత్‌లోని వడోద్‌లో అద్దె గదిలో కాపురముంటూ, పాండేసరాలోని రసిక్‌భాయి సేటు కార్ఖానాలో పని చేసి బ్రతికే ఆగయ్యకు భగవంతుడిచ్చిన ఆస్తి ఏదైనా ఉన్నదంటే అది అతని గొంతు. అక్కడి తెలుగువారు మరమగ్గాలను సాంచాలంటారు. ఆ మోత నడుమ రోజంతా నిలిచేవారికి చెవి మందగించి మాట పెద్దదవడం సహజమే. ఆగయ్య గొంతు అంతకు మించినది. షెడ్డు ఈ కొసన నిలిచి, ఆ కొసనున్న మనిషిని పేరు పెట్టి పలికించగలిగినవాడు ఆ కార్ఖానాలో అతడొక్కడే. జగిత్యాల దిక్కు పల్లెలో తనకు ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోగా, వీడైనా ఆగవలెనని తల్లి అతనికి ఆ పేరు పెట్టుకొన్నది. పురిటినాటి ఏడుపు విని వాడకట్టు వారందరూ వీడు దక్కుతాడని తేల్చి చెప్పారట.

ఆ కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉండేది. సాంచాలు బారులుగా ఉంటాయి. ఒక్కొక్క బారుకు ఇద్దరు మనుషులు, ఒకడు పగటికి, ఒకడు రాత్రికి. వారిని జోడీదారులంటారు. ఏ కాగితం మీదా లేకున్నా బారు ఆ ఇద్దరిదే. ఒకడు ఊరికి పోతే రెండవవాడు బదిలీ మనిషిని నిలిపి దానిని కాపాడవలెను. దసరానాడు సాంచాలకు పసుపు కుంకుమలు పెట్టి టెంకాయ కొట్టినవాడికి ఆ యేడాది దానిపై హక్కు స్థిరపడుతుంది. ఆగయ్యది పగటి పాళీ. రాత్రికి అతని జోడీదారు సాంబయ్య, చుట్టరికాన బావ. మహమ్మారి మొదటి ఏట కార్మికులు మూటలు కట్టుకొని, దొరికిన లారీ ఎక్కి ఊళ్లకు తరలిపోయినప్పుడు కూడ వారి బారు వారి కొరకే నిలిచి ఉన్నది. ఆగయ్య తిరిగి వచ్చి, కండువా మూతికి చుట్టుకొని, నిన్ననే దిగి పోయినవాడివలె తన సాంచాల నడుమ నిలబడ్డాడు. అంతటి ప్రాణభయానికి చెదరని ఆ హక్కు మరుసటి ఏట ఒక పుకారుకు చెదిరిపోయింది.

పరదేశాల నుండి, ముఖ్యంగా చైనా నుండి, దిగుమతి అయ్యే పాలియెస్టర్ దారంపై ప్రభుత్వం అదనపు సుంకం వేయబోతున్నదన్నదే ఆ పుకారు. ముందటి ఏడు సరిహద్దులో మన సైనికులు మరణించిన నాటి నుండి చైనా సరుకుపై జనంలో ఆగ్రహం ఉన్నది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. దాని పొయ్యిమీద ఎవరి వంట వారు చేసికొన్న తీరు చూడదగినది. దారం తీసే మిల్లుల వారు, పరదేశపు దారంపై సుంకం వేయకుంటే దేశం నశిస్తుందన్నారు. ఆ దారం కొని బట్ట నేయించే రసిక్‌భాయి వంటివారు, సుంకం వేస్తే దేశం నశిస్తుందన్నారు. నేసిన బట్టను అమ్మే వ్యాపారులు, వేయవలసినది దారంపై కాదు, పరదేశపు బట్టపై, లేకుంటే దేశం నశిస్తుందన్నారు. ఇందరి నోట ఇన్ని విధాల నశించనున్న ఆ దేశంలో సాంచా నడిపే మనిషి ఒకడున్నాడన్న సంగతి ఎవరికీ తోచలేదు. తోచినది పరుశురాం ఒక్కడికే.

పరుశురాం కోరుట్లవాడు. పెండ్లిళ్లకు వడ్డించే మనుషులను సమకూర్చడం అతని వృత్తి. మహమ్మారి వలన పెండ్లిళ్లు నలుగురితో ముగుస్తూ ఉండగా, సభలకు జనాన్ని సమకూర్చే పనికి దిగాడు. ఒకనాడు ఆగయ్య గడపలో కూర్చుండి విషయం కదిలించాడు.

"రేపు సుట్టీ గదా ఆగన్నా. ఓ మీటింగున్నది. టెంపోల తోల్కపోత, టెంపోల తోల్కస్త. పూరీ కూర పెడ్తరు, కూలి గూడ ఇస్తరు."

"ఏం మీటింగు?"

"ఏందైతే నీకేంది? ఒర్రుడే నీ పని. నీ గొంతుకు మైకు గూడ అక్కర్లేదు."

చీరల వెనుక వేలాడే దారపు కొసలను కూలికి కత్తిరిస్తూ కూర్చున్న భార్య మంగ తల ఎత్తకుండానే అన్నది: "తోల్కపో అన్నా. ఇంట్ల ఉత్తగనే ఒర్రుతడు. ఆడ ఒర్రితే జర పైసలన్న వస్తయి."

మొదటి సభ నేత కార్ఖానాల యజమానులది. వేదికపై రసిక్‌భాయి కూడ ఉన్నాడు. సుంకం చెల్లదంటూ "డ్యూటీ నహీ చలేగీ" అని అరవమన్నారు. ఆగయ్య అరిచాడు. వేదిక దిగి వచ్చిన సేటు అతని భుజం తట్టి, తన కార్ఖానా మనిషేనని తోటి యజమానులకు గర్వంగా చూపించాడు. ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడు, సుంకం రానివ్వనని మాట ఇచ్చి, మెడలో పడిన దండలు కారులో వేసికొని వెళ్లాడు.

మరుసటి వారం పరుశురాం టెంపో పల్సానా రోడ్డు పట్టింది. అక్కడి మైదానంలో సభ దారపు మిల్లుల వారిది. ఈ పర్యాయం అరవవలసినది "డ్యూటీ లగావో, దేశ్ బచావో" అని. ఆగయ్యకు కొంత సందేహం కలిగింది.

"గిదేందే పరుశురాం? పోయిన వారం డ్యూటీ వద్దన్నం గదా."

"పోయిన వారం పూరీ పెట్టిండ్రు. గియ్యాల పులావు. నీకేం నష్టమైంది?"

పులావు మాటతో ఆగయ్య సందేహం తీరింది. అతనికే కాదు, ఆ టెంపోలో ఎవరికీ అందులో వింత తోచలేదు. పెండ్లిలో వడ్డించేవాడు తాను వరుని పక్షమా, వధువు పక్షమా అని ఆలోచించడు కదా. ఈ సభకు కూడ ముఖ్య అతిథి ఆ నాయకుడే. సుంకం వేయించి తీరుతానని ఆయన అదే కంఠంతో మాట ఇచ్చాడు. రెండు సభలలోనూ రెండు మాటలు పలికిన మనుషులు ఆ మైదానంలో ఇద్దరున్నారు. ఒకడికి దండలు పడ్డాయి. రెండవవాడు అందరూ మూతులు కప్పుకొని ఉన్నవేళ, గొంతు బాగా వినిపించవలెనని ముసుగు గడ్డం కిందికి లాగి, పిడికిలి ఎత్తి, నోరంతా తెరిచి అరిచాడు. గుజరాతీ పత్రికవాడు ఆ నోటినే ఫొటో తీసికొన్నాడు.

మరునాడు ఆ పత్రిక రసిక్‌భాయి బల్లమీద ఉన్నది. ఆగయ్యను పిలిపించాడు. మాటలు హిందీలో నడిచినవి, ఎవరి యాస వారిది.

"ఇది ఎవరి మొహం?" అని అడిగాడు సేటు.

ఆగయ్య పత్రికను దగ్గరకు తీసి చూచాడు. "నాదే సేట్. మంచిగ వడ్డది."

"నా అన్నం తింటూ, నా కొంపకు నిప్పు పెట్టమని వీధిలో అరుస్తావా?"

"పోయిన వారం మీ దిక్కు గూడ ఒర్రిన గదా సేట్. మీరే భుజం తట్టిండ్రు."

"అప్పుడు అరిచింది సత్యం. ఇప్పుడు అరిచింది అబద్ధం."

"నాకేమెరుక సేట్? రెండిటికీ పరుశురామే పిలిచిండు."

ఈ యథార్థం సేటుకు మరింత అవమానంగా తోచింది. రేపటి నుండి రావద్దన్నాడు. సాంబయ్య లోపలికి వచ్చి, బారు తమ ఇద్దరిదని, బదిలీ మనిషిని తాను నిలుపుకొంటానని కట్టుబాటు గుర్తు చేశాడు. సేటు వినలేదు. అంతటితో ఊరుకోక, ఆ వారంలోనే సాంబయ్యను పగటికి మార్చి, రాత్రి పాళీ మొత్తాన్ని మూయించాడు. అరిచినవాడు ఒక్కడే కదా, రాత్రి పాళీ వారందరూ ఏమి చేశారని సాంబయ్య అడిగితే, బజారు బాగా లేదన్నాడు.

బజారు బాగానే ఉన్నది. సుంకం వద్దని వేదికపై గుండెలు బాదుకొన్న ఆ మహానుభావుడు, అదే వారం దళారికి ఫోను చేసి, సుంకం పడకముందే దిగుమతి దారం తెప్పించి గోదాము నింపుకొన్నాడు. సుంకం పడితే ఆ దారం ధర పెరుగుతుంది. పెరిగే సరుకును నేసి చెడగొట్టుకొనడమెందుకు? ఉంచి అమ్మితే చాలును. తన వృత్తిని నాశనం చేస్తుందని సభలో ఏడ్చిన సుంకం కొరకే, ఇంట్లో దీపం పెట్టుకొని ఎదురుచూచాడు. ఈ వ్యాపారంలో సరుకు గోదాములో నిద్రించింది, సాంచా షెడ్డులో నిద్రించింది, పని చేయగలిగిన మనుషులు వీధిలో మేల్కొని ఉన్నారు.

ఆగయ్య మిగిలిన కార్ఖానాలు తిరిగాడు. ఫొటో అన్ని బల్లల మీదికీ చేరింది. తాను ఎవరి పక్షాన అరిచాడో ఆ దారపు మిల్లుకే పోయి అడుగుదామని పల్సానా దాక వెళ్లాడు. గేటువద్దనున్న కాపలావాడు ఫొటో చూచి నవ్వి, లోపలివారికి చూపించి వచ్చి, మనుషులు అక్కరలేదట, ఫొటో బాగుందన్నారట అని చెప్పాడు. చివరకు బట్టల మార్కెట్టులో మూటలు మోసే పనికి కుదిరాడు. మోయడం కష్టమని అతడు ఎన్నడూ అనలేదు. దసరా దగ్గర పడుతున్నదన్నదే అతని బాధ.

"దసరకు ఇంకెవడన్న టెంకాయ కొడితే మన బారు పాయె, బావా," అన్నాడు ఇంటికి వచ్చిన సాంబయ్యతో.

"సేట్ ఎవడో ఒరియా పోరన్ని సూసిండట. పండుగకు నిలవెడ్తడట."

మంగ కత్తెర పక్కన పెట్టింది. "ఆ నోరు జర మూసుకుంటే గింత దూరం రాకపోవు గద. దేవుడు నోరిచ్చిండు, దానికి తలుపు వెట్టుడు మర్శిండు."

ఆగయ్య లేచి, కండువా భుజాన వేసికొని బయటికి పోయాడు. అతడు ఒక్క అరుపైనా అరవకుండా పోవడం మంగకు ఎంత కోపంలోనూ భయం కలిగించింది.

పండుగ ఇంకా రాకముందే, సుంకం వేసేది లేదని ప్రభుత్వం తేల్చినట్లు వార్త వచ్చింది. సుంకం రానివ్వనన్న నాయకుడు తన మాట నెగ్గిందని ఒక వర్గానికీ, తన పోరాటం ఆగదని రెండవ వర్గానికీ సందేశాలు పంపాడు. దారం ధర నేలకు దిగింది. గోదాములో నిద్రించిన సరుకుతోపాటు ఇంతకాలం సుఖంగా నిద్రించిన రసిక్‌భాయికి అప్పుడు మెలకువ వచ్చింది. ఆగయ్యకు తానే ఫోను చేసి పిలిపించి, ఎదుట కుర్చీ వేయించాడు.

"ఆగయ్యా, ఆ రోజు నువ్వు అరిచింది తప్పు కాదు. దేశం కోసం అరిచావు."

"ఏ రోజు సేట్? మొదటి నాడా, రెండో నాడా?"

"రెండో నాడే. దారంపై డ్యూటీ లేకుంటే ఈ దేశం బ్రతకదని నాకు ఇప్పుడు తెలిసింది. మేమందరం కలిసి పెద్ద సభ పెడుతున్నాం. ముందు నిలబడి నువ్వు అరవాలి. ఫొటోలో భలే ఉన్నావు."

"ఒర్రుత సేట్. మరి నా సాంచాలు?"

"సభ కానీ, చూద్దాం."

"సభకంటె ముందుగాల దసర వస్తది. సాంచాలు ముందుగాల. రాత్రి పాళీ గూడ తెర్వాలె. సాంబయ్య బావ ఒక్కడు ఎంతకని నేస్తడు?"

సేటు కొంతసేపు పత్రికతో విసురుకొన్నాడు. అమ్ముడు పోని దారాన్ని వదిలించుకొనడానికి నేయించడం తప్ప అతనికి వేరు దారి లేదు. పెండ్లి చీరల వ్యాపారి బట్ట కావలెనని తొందరపెడుతున్నాడు. రెండవ విడత జ్వరాల తరువాత ఊళ్లకు పోయినవారు ఇంకా తిరిగి రాలేదు. సరే అన్నాడు. దానిని తన ఔదార్యంగా నలుగురితో చెప్పుకొన్నాడు. దసరానాడు ఆగయ్య, సాంబయ్య కలిసి టెంకాయ కొట్టారు. బారు మళ్లీ వారిదైనది.

సభ పనిదినాన పెట్టారు. మధ్యాహ్నం పరుశురాం షెడ్డులోకి వచ్చి, చెవులు మూసుకొని, ఆగయ్య మొహం దగ్గర మొహం పెట్టి అరిచాడు.

"టెంపో నిలవడ్డది. నడువు."

"ఎట్ల వస్త? ఎనిమిది సాంచాలు నడుస్తున్నయి. నువ్వు సూస్తవా?"

"బంజెయ్యి. జరసేపే గదా."

"బంజేస్తే సేట్ మాల్ ఆగుతది. రేపు వ్యాపారి వచ్చి అడిగితే నువ్వు నేసిస్తవా? సేట్‌కు ఫోన్ కొట్టు. బట్ట గావాల్నా, ఒర్రుడు గావాల్నా అడుగు. ఏదంటే గది చేస్త."

పరుశురాం బయటికి పోయి ఫోను చేశాడు. రసిక్‌భాయి దేశభక్తికి అది కఠినమైన పరీక్ష. చెవి దగ్గర ఫోను పెట్టుకొని అతడు ఎంతో సేపు ఆలోచించలేదు. సాంచాలు నడవనీ అన్నాడు.

ఆ సాయంత్రం సభలో ముందు నిలబడి అరవడానికి గొంతున్నవాడు లేక, యజమానులే అరవవలసి వచ్చినది. నాయకుడు వచ్చి, సుంకం వేయించి తీరుతానని మాట ఇచ్చి వెళ్లాడు. కారు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చిన రసిక్‌భాయి ఆగయ్యతో ఏదో చెప్పబోయాడు. పెదవులు కదిలినవి, మాట పైకి రాలేదు. సభలో అరిచి అరిచి గొంతు సాంతం పోయి ఉన్నది. సాంచాల మోతలో అతడు అరచేతిని గొంతుపై పెట్టుకొని మరొకమారు ప్రయత్నించి, మానుకొని, దిగిన బట్ట తానును వేళ్లతో నలిపి చూచి, తృప్తి పడి వెళ్లిపోయాడు. ఆగయ్య తెగిన పోగు అతకడంలో ఉండి, సేటు వచ్చినదీ పోయినదీ గమనించలేదు.