మామయ్య పెరట్లో నాలుగు రకాల అంజూరాలు

మా మామయ్య పోయాడు. ఈ ఫాల్గుణంలోనే. పొద్దున్న ఆరింటికి అత్త ఫోను చేసి, "మీ మావ లెగలేదే గుంటా" అంది. ఆమదాలవలసలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య రెండు వీధులే. నేను వెళ్ళేసరికి మంచం మీద నిద్రపోతున్నట్టే ఉన్నాడు. కుడిచేతి బొటనవేలి మీద అంజూరపు పాలు ఎండి నల్లటి మరక కట్టింది. ముందురోజు సాయంత్రం కూడా పెరట్లో తిరిగాడన్నమాట.

ఆయన మా అమ్మకు తమ్ముడు. సాలూరు లారీల మీద పాతికేళ్ళకు పైగా డ్రైవరుగా తిరిగాడు. తోటి డ్రైవర్లు దూరపు ఊళ్ళ నుంచి దుప్పట్లో, మిఠాయిలో తెచ్చేవారు. మామయ్య సీటు కింద తడి గోనెలో చుట్టి కొమ్మముక్కలు తెచ్చేవాడు. పూనా అవతల ఒక తోటలో లోడు కోసం రెండు రోజులు ఆగాల్సి వస్తే, ఆ రైతునడిగి ఒక అంజూరపు కొమ్మ తెచ్చాడు. తర్వాత బళ్ళారి నుంచి ఇంకొకటి. హైదరాబాదు దగ్గర నర్సరీలో టర్కీ రకమని చెప్పి ఇచ్చిన మొక్క మూడోది. నాలుగోదానికి పేరే లేదు. నాగపూరు దారిలో ఒక ధాబా వెనక, చేతులు కడుక్కున్న నీళ్ళకు పెరిగిన చెట్టు నుంచి తెచ్చింది. దాన్ని మేం 'ధాబాది' అనేవాళ్ళం. బీరపాదులూ దొండపాదులూ ఉండే పెరట్లో ఈ నాలుగూ నాటాడు. ఎండు నేలల పంట, ఈ తేమకు ఇక్కడ బతకదని అందరూ అన్నారు. బతికింది.

చెట్లు కాపుకొచ్చే వేళకు మామయ్య కళ్ళు పోయాయి. షుగరు చూపును తినేసింది. విశాఖపట్నంలో డాక్టరు ఇక చూపు రాదని చెప్పిన రోజు నుంచి ఎనిమిది నెలలు వసారాలో కుర్చీ వదల్లేదు. రోడ్డు మీద లారీ పోతుంటే తల అటు తిప్పేవాడు. కొన్నాళ్ళకు తిప్పడం కూడా మానేశాడు. ఎవరైనా పలకరిస్తే, "ఏటున్నాది, కూకున్నాను" అనేవాడు.

ఒక వేసవి మధ్యాహ్నం గోడ పట్టుకుని తనంతట తానే పెరట్లోకి వచ్చాడు. నేను అత్తతో కలిసి బట్టలు ఆరేస్తున్నాను. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. కాలు తడబడి ఒక చెట్టు మీదికి తూలాడు. పట్టుకుందామని పరుగెత్తాను. ఆయన అప్పటికే నిలదొక్కుకుని, చేతికి తగిలిన ఆకును వేళ్ళ మధ్య పెట్టి తడుముతున్నాడు. పక్క చెట్టు ఆకు కూడా వెతికి పట్టుకున్నాడు.

"ఒసే, ఇది పూనాది కదేటి?"

"అవును మావా."

"ఇటుపక్కది బళ్ళారిది."

"అవును. నీకెలా తెలిసింది?"

"పూనా ఆకు పిల్లి నాలికలాగుంటాది. ఇది కొత్త గోనె. ఇన్నాళ్ళూ కళ్ళున్నాయి కదా, సూడనే లేదు."

ఆ మాటకు ఆయనే నవ్వాడు. ఎనిమిది నెలల్లో అదే మొదటి నవ్వు. అత్త తడిచీర అలాగే చేత్తో పట్టుకుని ఉండిపోయింది.

ఆ రోజు నుంచి నేను ఆయనకు నాలుకనయ్యాను. షుగరు వల్ల ఆయన పండు ముట్టుకునేవాడు కాదు. నేను తిని చెప్పాలి. మొదటిసారి, "తియ్యగా ఉంది మావా" అన్నాను.

"తియ్యగుందని సెప్పడానికి నువ్వెందుకే? సీమలు సెప్తాయి. ఎలాగ తియ్యగుందో సెప్పు."

మళ్ళీ తిన్నాను. పూనా పండు తొక్క పలచన, తీపి కొత్త బెల్లంలా నాలుక నడిమిన ఆగుతుంది. బళ్ళారిది చిన్నది, లోపల ఎర్రటి గుజ్జు, గింజలు వేయించిన నువ్వుల్లా పళ్ళకింద చిటపటమంటాయి. టర్కీది నోటినిండా రసమే, తీపి మింగాక తెలుస్తుంది. ధాబాది పండినా పచ్చగానే ఉంటుంది. కాయేననుకుని మొదటి ఏడాది మేమెవరమూ కోయలేదు. తిని చూస్తే నాలుగింటిలో అదే మేటి. తేనెలాంటి తీపి, చివర్న నేరేడు పులుపు. నేను చెబుతుంటే ఆయన పెదాలు కదిలేవి. మాటల్లోంచే రుచి తీసుకునేవాడు.

వానల్లో కాసిన పండ్లు పగిలి, చప్పగా ఉండేవి. ఒకసారి బళ్ళారి పండు ఉమ్మేసి, ఈ రకం దండగన్నాను. "వానకాలం పండు తినేసి సెట్టుకి పేరెట్టకే. ఎవులికైనా ఒక కాలం బాగోదు" అన్నాడు. ఆయన తన సంగతి కూడా చెప్పుకున్నాడేమో, అప్పుడు నాకు తట్టలేదు.

ఆ తర్వాత తుఫాను వచ్చింది. తెల్లారి చూస్తే వంటగది మీద రేకులు లేవు, ప్రహరీ లేదు, నాలుగు చెట్లూ వేళ్ళతో లేచి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొమ్మలు విరిగి కలగాపులగమైపోయాయి. ఒక్క ఆకు కూడా మిగల్లేదు. మామయ్య నన్ను పిలిచి కొమ్మలన్నీ కుప్పగా తెచ్చి తన ముందు వెయ్యమన్నాడు. అత్తకు ఒళ్ళు మండింది.

"ఇంటి మీద రేకుల్లేవు, ఈయనకి పుల్లలు కావాల!"

"రేకులు రేపు కూడా దొరుకుతాయే. ఇయ్యి ఈరోజు నాటకపోతే సచ్చిపోతాయి."

బురదలో పీట వేయించుకుని కూర్చున్నాడు. "ఆకుల్లేవు కదా మావా, ఎలా పోలుస్తావు?" అన్నాను.

"ఆకు పోనాది గానీ, అదున్న సోటు ఎక్కడికి పోతాది?"

ఒక్కో ముక్కనూ కింది నుంచి పైదాకా తడిమాడు. ఆకు రాలిన మచ్చల మీద వేలు నిలిపాడు. కణుపుకీ కణుపుకీ మధ్య ఎడాన్ని బొటనవేలితో కొలిచాడు. గోటితో గీరి పాలు వాసన చూశాడు. పాత చీర చింపి పీలికలు ఇచ్చింది అత్తే. పూనాకు ఒక ముడి, బళ్ళారికి రెండు, టర్కీకి మూడు, ధాబాకు నాలుగు. మధ్యాహ్నం దాకా వంచిన నడుము ఎత్తలేదు. ఒక్క ముక్క దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు. పక్కన పెట్టి మళ్ళీ తీశాడు.

"ఇది నాకు తెలీదు."

"ఏదో ఒకటి కట్టెయ్యరాదా, ఎవులు అడగొచ్చేరు?" అంది అత్త.

"వద్దు. తెలీంది తెలీదనే ఉండాల."

ముక్కలన్నీ పాత రంగుడబ్బాల్లో నాటాం. వేళ్ళు పట్టాక పెరట్లోకి మార్చాం. రెండో వేసవికి కాపు వచ్చింది. ఇప్పుడు ఒప్పుకుంటాను, కనీసం ఒక్కటైనా తప్పు దొరుకుతుందనే ఆశతో చూడడానికి వెళ్ళాను. ఒక ముడి ఉన్న చెట్టు పండు కోసి తిన్నాను, పూనా. రెండు ముళ్ళు, బళ్ళారి. ప్రతి చెట్టు దగ్గరా ఆగి తిన్నాను. ఒక్కటీ తప్పలేదు. కళ్ళున్న నేను ఆకులతో సహా చూసినా తడబడతాను. ఆకులేని కొమ్మలను వేళ్ళతో చూసి ఆయన తడబడలేదు.

ముడి లేని చెట్టు పండు పచ్చగానే పండింది. "మావా, ఇది ధాబాదే!" అని అరిచాను. ఆయన వచ్చి చెయ్యి చాచాడు. "ఇలా ఇయ్యి, సిన్న ముక్క." అన్నేళ్ళలో ఆయన అడిగింది అదొక్కసారే. గోరంత ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ కళ్ళు మూసినా తెరిచినా ఒకటే, అయినా మూసుకున్నాడు. "అదే. నువ్వు సెప్పిన నేరేడు పులుపే. అచ్చం నువ్వు సెప్పినట్టే ఉన్నాది" అన్నాడు.

తర్వాత ఎందరో వచ్చి కొమ్మలు పట్టుకెళ్ళారు. తీసుకున్న ప్రతివారినీ ఒకటే కోరేవాడు: మీ నేలలో పండు ఎలా ఉందో ఫోను చేసి చెప్పాలి. సాలూరు నుంచి పాత డ్రైవర్లు చేసేవారు. శ్రీముఖలింగం వైపు ఏటి ఒడ్డు రైతు ఒకాయన చేసేవాడు. సముద్రపు ఒడ్డు నుంచి చేపలమ్మే ఆవిడ, "ఉప్పుగాలికి పండు సిన్నదైపోనాది బాబూ, గానీ తీపి ముదిరినాది" అని చెబితే, ఆ మాట మాకందరికీ మళ్ళీ మళ్ళీ వినిపించాడు.

నేను బడిలో పాఠాలు చెప్తున్నాను ఇప్పుడు. పిల్లలు దేన్నైనా బాగుందంటే, ఎలా బాగుందో చెప్పమంటాను. వాళ్ళు విసుక్కుంటారు. కాసేపటికి ఎవరో ఒకరు నేనెన్నడూ వినని మాటొకటి అంటారు. ఆ పూట మామయ్యకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

పన్నెండో రోజు అయ్యాక, చుట్టాలంతా వెళ్ళిన మర్నాడు పొద్దున్న పెరట్లోకి వెళ్ళాను. అత్త చెట్ల కింద నిలబడి పైకి చూస్తోంది. బాగా పండిన ఒక పండు మీద పికిలిపిట్ట వాలి ఉంది. తోలుదామని నేను చెయ్యెత్తితే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"తిననీవే."

పిట్ట తల పండులో మెడదాకా దిగిపోయింది. పైన తోక ఒక్కటే, ఎండలో, సన్నగా ఆడుతూ ఉంది.